కుంటి బాతు, బెల్లం పొయ్యి

"కుంటిదాన్ని దేవతకిస్తరా ఎవలన్న?" అని నేనన్న.

"నిన్న నడిచిందని వాడకట్టంత చెప్పిందెవలే? నా నోరా, నీ నోరా?" అన్నది మా అత్త.

"లేసి, జరంత జరిగి, కూలవడ్డది. అది నడకనా అత్తా?"

"నాకు గంతే చాలు. కడమ దూరం నేనే ఎత్తుకపోత."

"బాతును కోసి మొక్కుతరని ఎక్కడన్న విన్నవా?"

"బాతును చంకనేసుకొని తిరిగే కోడలును విన్ననా? కండ్లార సూస్తున్న గద!"

బోధన్ దిక్కు మా ఊర్లె, తెల్లారితే బెల్లం పొయ్యి ముట్టియ్యాలె. ఏటా మొదటి పెనం ఎక్కేముందు పొయ్యి ముంగట మైసమ్మకు కోడినిచ్చుడు మా ఇంటి రివాజు. ఆ యేడు తెగులొచ్చి ఊర్లె కోళ్లన్నీ పోయినయి. రెక్కలున్న జీవమంటే మా దొడ్లె ఆ బాతొక్కటే మిగిలింది. కాలో కన్నో సరిగ్గ లేనిదాన్ని ఇయ్యొద్దన్నది కూడ రివాజే. అందుకే దాని కాలు మీద మా కొట్లాట.

అప్పట్ల మా దిక్కు బాతులు సాకెటోళ్లు లేరు. నిజాంసాగర్ కాలువ కింద భూములు కొననీకి కృష్ణా దిక్కు నుంచి వచ్చిన రైతులు వర్ని కాడ పెంచేది. వాళ్ల దొడ్లె బండి చక్రం కింద పడ్డ పిల్ల ఇది. "బతకదమ్మా, పారేస్తాం" అన్నది ఆ ఇంటామె. ఊరికె వచ్చేదాన్ని ఎందుకు పారెయ్యాలె? కొంగుల వేసుకొని తెచ్చిన. గుడ్లు పెడ్తదని తెచ్చిన, ముద్దు చేసుడు నాతోని కాదు.

కాని కుంటి బాతు పని చంటిపిల్ల పని కంటె ఎక్కువ. ఒక్కతీరుగ కూసుంటే రొమ్ము కింద పుండు పడ్తది. అందుకని ఎండిన చెరుకాకు మెత్తగ పరిచి, తడిసినప్పుడల్ల మార్చేది. ఆముదంల పసుపు కలిపి కాలుకు రాసి, పాత చీర పేలికతోని కట్టేది. కొత్త పేలిక చింపేది లేదు, ఉతికి మల్ల అదే. నూకలల్ల తవుడు కలిపి నానబెట్టి మూతికి అందేటట్టు పెట్టేది. గంపల పెట్టుకొని కాలువకు తీస్కపోయి విడిస్తే మాత్రం దానికి ఏ కుంటితనం లేదు. మునుగుకుంట లేసుకుంట, నా దిక్కు సూడనన్న సూడకపోయేది.

గట్ల గట్ల కాలు దారికొచ్చింది. సంబురపడి నలుగురికి నేనే చెప్పుకున్న.

అత్తతోని కొట్లాడిన ఆ పొద్దంత నాకు ఒక్కతాన కాలు నిలువలే. జొన్నరొట్టె పెనం మీద ఉండంగనే లేసి దొడ్లెకు పోయిన. రొట్టె మాడింది, మాడినదాన్నే తిన్న. బట్టలు పిండుతున్నదాన్ని మల్ల లేసి పోయిన. నన్ను సూసి అది రెక్కలిప్పి లేవబోయింది. "కూసో! సచ్చిపోతవు, కూసో!" అని కసిరిన, లే లే అని ఇన్ని దినాలు బతిమాలిన నోటితోనే. ఆముదం రాస్తే నడుస్తదేమో, రాయకుంటె నొస్తదేమో. గిన్నె పట్టుకొని పోయేది, రాయకనే తిరిగొచ్చేది. నందిపేటల మా అవ్వగారింటికి తోలుకపోదామంటె, చెరుకు కొట్టుడు నడుమ నన్నెవలు పంపుతరు?

మా మామ బాయి కాడికెళ్లి వచ్చి, "గిన్నె పట్టుకొని గానుగెద్దు లెక్క తిరుగుతున్నవేంది పిల్లా?" అన్నడు.

"ఏం లేదు మామా" అని ఇంట్లకు పోయిన. జరసేపటికి మల్ల బయటికొచ్చిన.

తెల్లారి గానుగకు ఎడ్లను కట్టిండ్రు. పెనంల రసం పోసిండ్రు. అత్త బాతును తెచ్చి పొయ్యి ముంగట దించింది. అది లేసి నిలవడ్డది. ఇగ కుంటిదంటె ఎవలు నమ్ముతరు?

మామ పసుపునీళ్లు చల్లిండు. నీళ్లు పడంగనే కోడైతే ఒళ్లు జాడిస్తది. జాడిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు, అప్పటిదాక కత్తి ఎత్తరు. బాతు మూతి మీదికెత్తి పడ్డ చుక్కలు తాగింది. మల్ల చల్లిండు. మెడ చాపింది.

"జాడియ్యే, జాడియ్యి!" అని అత్త చెంబు మొత్తం కుమ్మరిచ్చింది. బాతు ఆ బురదల రెక్కలు పరిచి హాయిగ కూసున్నది.

"దీనికి భయం లేదు, సిగ్గు లేదు. కోడలు సాకినట్టే ఉన్నది" అన్నది అత్త.

"రసం పులుస్తది. అమ్మవారు వద్దంటున్నది, ఇడిసిపెట్టు" అని మామ కొబ్బరికాయ కొట్టి పొయ్యి ముట్టిచ్చిండు.

అత్త పొయ్యిల చెరుకు పిప్పి ఎగదోసింది. నేను బాతును ఎత్తుకొని ఇంటికి పోయిన.