అరిచే బ్రేకు ఎవరి పక్క?

ఇప్పుడు నా కారులో అద్దాలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఏసీ, పాటలు, ఫోను. చక్రం కింద ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి. అయినా ఎక్కడైనా పాత కారు ఒకటి కీచుమంటే చాలు, ప్రాణం లేచి వస్తుంది.

మా నాన్న టాటానగర్ యార్డులో రైలు బోగీల బ్రేకులు చూసే ఫిట్టరు. రిటైరయ్యాక బర్మామైన్స్ పేటలో మా ఇంటి ముందుకి ఓ సెకండ్ హ్యాండ్ కారు తెచ్చాడు. సందు ఇరుకు, మనసు విశాలం. ఆదివారం వచ్చిందంటే అమ్మనీ, నన్నూ, తమ్ముణ్ణీ ఎక్కించుకుని ఊరంతా తిప్పాల్సిందే. వారమంతా ఆ పూట కోసమే బతికేవాడు.

ఓ ఎండాకాలం ఆ కారు బ్రేకు తొక్కినప్పుడల్లా అరవడం మొదలుపెట్టింది. అబ్బ, ఏం కూత! పళ్లు జివ్వుమనేవి. సందులో కుక్కలు లేచి నిలబడేవి. నాన్న మాత్రం నవ్వేవాడు.

"బ్రేకు అరుత్తందంటే పట్టుకుంటన్నట్టే. అరవని బ్రేకుకి బయపడాల. బతుకంతా బ్రేకుల్తో బతికినోడికి మీరు సెప్తారేటి?"

రైలుకి ఆ మాట నిజమేనేమో. అక్కడ ఇనప దిమ్మ ఇనప చక్రాన్ని నొక్కుతుంది, అరవక ఏం చేస్తుంది? కారు రైలు కాదు నాన్నా అని మెత్తగా చెప్పాను, గట్టిగా చెప్పాను, చివరికి బ్రేకుని మించి నేనే అరిచాను. ఊహూ. మొండితనమే మా ఇంటి ఆస్తి, అందులో పెద్దవాటా ఆయనదే.

ఆఖరికి అమ్మ తెగేసి చెప్పింది. "ఆ కూత ఎక్కడిదో తేల్చండి. తేల్చేదాకా నేనెక్కను, పిల్లల్నీ ఎక్కనివ్వను. నేదంటే అమ్మీండి."

కారు అమ్మేస్తే ఆయన ఆదివారాలు పోయినట్టే. నాన్న మొహం వాడిపోయింది. నాకు జాలేసింది, కోపం మాత్రం పోలేదు.

మర్నాడు సాయంత్రం యార్డు పద్ధతి బయటికి తీశాడు. అక్కడ ఒక్కో చక్రం దగ్గర ఒక్కో మనిషి నిలబడి చెవి పెట్టేవారట. మాకూ అదే డ్యూటీ. అమ్మ ముందు సీట్లో, ఆమె వెనక తమ్ముడు, నాన్న వెనక నేను. స్టీరింగు పక్క చక్రం ఆయనదే. సోనారిలో ఖాళీ రోడ్డు చూసి, అద్దాలన్నీ దించి, నెమ్మదిగా నడిపి బ్రేకు తొక్కాడు. కీచుమంది.

"ఎవరి పక్క?"

"నా పక్కే," అంది అమ్మ.

"మేరీ తరఫ్ సే," అని తన వైపు చూపించాడు తమ్ముడు. వాడికి తెలుగు చెవుల్లోకి పోతుంది, నోట్లోంచి మాత్రం హిందీయే వస్తుంది.

నాకైతే నా కాళ్ల కిందే అరిచినట్టుంది. మళ్లీ తొక్కాడు, మళ్లీ గొడవ. నవ్వులే నవ్వులు. అంత నవ్విన సాయంత్రం మళ్లీ రాలేదు.

"మరి మీ పక్క ఏటండీ?" అంది అమ్మ.

"నా పక్క ఏటీ నేదు."

మళ్లీ తొక్కాడు. సైకిలు మీద పోతున్నాయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. అప్పుడు నా కళ్లు లోపలి అద్దం మీద పడ్డాయి. నాన్న రోడ్డు వంక చూడటం లేదు. అద్దంలో మా మొహాలు వెతుకుతున్నాడు, ఎవరు చిట్లిస్తారా అని.

నా నవ్వు ఆగిపోయింది. అమ్మకీ అర్థమైనట్టుంది. "ఏటండీ, మీకు ఇనబడతందా?" అని మెల్లగా అడిగింది.

నాన్న కారు ఆపేశాడు. "సన్నంగా అరుత్తందా, లావుగా అరుత్తందా?" అన్నాడు.

సన్నటి చప్పుళ్లు యార్డులో ఉండగానే పోయాయట. మాట వినబడుతోంది కదా అని ఎవరికీ చెప్పలేదట. ఇన్నాళ్లూ ఆయన నవ్విన నవ్వు నా గుండెలో గుచ్చుకుంది.

అగ్రికోలో మెకానిక్కు చక్రాలు విప్పి, "ప్యాడ్ ఖతమ్, అంకుల్," అని అరిగిపోయిన బిళ్ల చూపించాడు. అది ముందు కుడి చక్రానిది. నాన్న పక్కది.

కొత్తవి వేయించి ఇంటికి బయల్దేరాం. మొదటి మలుపులో నాన్న బ్రేకు తొక్కాడు. కారు చప్పుడు లేకుండా ఆగింది. ఆయన అమ్మ వైపు తిరిగాడు.

"పోయిందా?"

"పోయింది," అంది అమ్మ. "నడపండి. ఇనడానికి నేనున్నాను గదా."

ఆ తర్వాత ఆయన కారు నడిపినన్నాళ్లూ ఆ ముందు సీటు అమ్మ ఎవరికీ ఇవ్వలేదు.