అన్నదమ్ములందరూ ఉద్యోగస్థులే

లెక్కల మాస్టారు పోయారని ప్రత్తిపాడు నుంచి నాన్న పొద్దున ఫోన్ చేశారు. వేటపాలెంలో మా అత్తగారింట్లో అందరికీ చెప్పాను. వినగానే మా ఆయన ఫక్కున నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకున్నారు. నేను ఈ ఇంటికి రావడం మాస్టారి చలవే. రాకుండా పోబోయిందీ ఆయన వల్లే.

ఆయన మా పక్కింటాయన. గుంటూరులో కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పి, రిటైరయ్యాక మిరప వేశారు. ధ్యాసంతా మాత్రం గణిత తర్కం మీదే. వెనకటి జర్మన్ పండితుడొకాయన కథ తరచూ చెప్పేవారు. ఏళ్ళతరబడి రాసిన పుస్తకం అచ్చులో ఉండగా, దాని పునాదిలోనే వైరుధ్యం ఉందని ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చిందట. ఆయన దాచకుండా ఒప్పుకున్నాడట. "పాపం, కల్లంలో కాయ ఎండబోశాక వాన పడ్డట్టే గదమ్మా!" అని, మా వీధిలోనే జరిగినట్టు నొచ్చుకునేవారు.

ఒక వాక్యం నిజమో కాదో తేల్చాలంటే ముందు అది ఏ లోకం గురించో చెప్పాలనేవారు. మోడల్ థియరీ అంతా అక్కడే మొదలవుతుందట.

"మీకసలు బుర్ర లేదు," అనేది ఆయన భార్య.

"ఏ లోకంలో?"

"ఈ వంటింట్లో!"

"అక్కడైతే నిజమేలే," అని ఒప్పుకునేవారు.

నా పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారి ప్రశ్నలకి నాన్న ఉక్కిరిబిక్కిరవుతుంటే, పెద్దమనిషిగా కూర్చున్న మాస్టారు అందుకున్నారు. "మా అమ్మాయి అన్నదమ్ములందరూ గవర్నమెంటు ఉద్యోగస్థులేనండీ!"

కాబోయే మామగారి మొహం వెలిగిపోయింది. కాఫీలందిస్తున్న మా పెదనాన్న కొడుకులే నా అన్నదమ్ములనుకున్నారాయన. నేనేమో ఒక్కగానొక్క కూతుర్ని. నాన్న నోరు తెరిచేలోపే తాంబూలాల మాట వచ్చేసింది.

వారం తిరక్కుండా సంగతి తెలిసి మామగారు ఊడిపడ్డారు. మాస్టారు కల్లంలో ఉన్నారంటే నేరుగా అక్కడికే నడిచారు. వెనకాల నాన్న, నాన్న వెనకాల నేను. కుర్రాడు నాకు నచ్చాడు మరి.

"పెద్దమనిషై ఉండి ఇంత అబద్ధమా మాస్టారూ?"

"అబద్ధమెక్కడండీ? అందరూ ఉద్యోగస్థులే అన్నాను. ఉన్నారని అన్నానా?"

"లేనివాళ్ళకి ఉద్యోగాలేంటండీ?"

"బాగా అడిగారు!" మాస్టారు సంబరపడిపోయారు. "అందరూ అంటే ఒక్కరైనా ఉండాలనేది పాతకాలం తర్కమండీ. తర్కాన్ని లెక్కల్లా రాయడం మొదలెట్టినవాళ్ళు ఆ షరతు తీసేశారు."

"అయితే నేను పాతకాలం వాణ్ణే. ఈ సంబంధం వద్దు!"

తన తమాషా నా పెళ్ళి మీదకి వస్తుందని మాస్టారికి అప్పటిదాకా తట్టినట్టు లేదు. మొహం పాలిపోయింది. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతులు జోడించారు. "తప్పు నాదండీ. పిల్ల మాత్రం మంచిది. అది ఏ లోకంలో చూసుకున్నా నిజమే."

మామగారు ఆయన్ని గుర్రుగా చూశారు. చివరికి, "సర్లెండి. మావాడు కూడా చెడ్డ అలవాట్లన్నీ మానేశాడు," అన్నారు.

మాస్టారు ఉలిక్కిపడి నావైపు చూశారు. "అంటే... ఉండేవా?"

అప్పుడు నవ్వారు మామగారు.

అక్కడితో వదిలితే ఆయన మాస్టారెందుకవుతారు? కాలితో మిరపకాయలు పక్కకు నెట్టి, ఎర్రటి కల్లం మధ్యలో గుండ్రంగా ఖాళీ చేశారు. "ఇదుగో, ఇందులో ఉన్న కాయలన్నీ నల్లనివి. కాదని ఒక్క కాయ చూపించండి."

ఘాటుకి తుమ్ముతూ, ముక్కులకి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని, మామగారూ మాస్టారూ ఒంగి ఆ ఖాళీలోకి చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.