రీజియన్ తప్పు

మా అమ్మకు వాళ్ళ నాన్న ముఖం గుర్తు లేదు. ఆయన పోయేనాటికి తనకి ఎనిమిదేళ్ళు. ఫొటో ఒక్కటీ లేదు. మిరపకోతలకి పోయే మనిషికి ఆ రోజుల్లో ఫొటో ఎవరు తీస్తారు? చుట్ట వాసన గుర్తుంది, దగ్గు గుర్తుంది, వాకిట్లో చెప్పులు విడిచే చోటు గుర్తుంది, ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా రావడం లేదని అంటుండేది. అందుకే ఆ డీవీడీ వచ్చిందన్న రోజున ఆమె అన్నం కూడా సరిగా తినలేదు.

పంపింది ఒక దొరసాని. వాళ్ళ అమ్మానాన్నలు ఒకప్పుడు అద్దంకి దగ్గర మా చర్చిలో పనిచేశారట. అప్పట్లో వాళ్ళు తీసిన ఫిల్ము ముక్కలన్నీ కలిపి వాళ్ళ దేశంలో డీవీడీగా వేసి అమ్ముతున్నారు. ఒకటి మా అయ్యగారికి, అంటే పాస్టరుగారికి, పోస్టులో వచ్చింది. అట్ట వెనకాల, మిరప కళ్ళంలో కనిపించే పదకొండుమంది మగవాళ్ళ పేర్లు ఇంగ్లీషులో తప్పులతో అచ్చేసి ఉన్నాయి. అందులో మా తాత పేరుంది. ఆ మనుషుల్ని ఎరిగినవాళ్ళలో మా పేటలో అమ్మ ఒక్కతే మిగిలింది కాబట్టి అయ్యగారు దాన్ని మా ఇంటికే తెచ్చిచ్చారు.

"చూస్తే గుర్తుపడతానే. కన్న తండ్రి, తెలీకుండా పోద్దా?" అంది అమ్మ.

తొందరపడటానికి కారణం ఉంది. ఆమెకు నీటికాసులు. ఎడమకన్ను అప్పటికే పోయింది. కుడికంట్లో కూడా చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వస్తోందని, పోయింది తిరిగి రాదని గుంటూరు డాక్టరు చెప్పాడు.

బీరువా మీద మా పాత డీవీడీ ప్లేయర్ దుమ్ము కొట్టుకుని ఉంది. తుడిచి, ఇంకా పారేయని డబ్బా టీవీకి వైర్లు తగిలించి డిస్కు పెట్టాను. గుర్రుమని కాసేపు తిరిగి, నీలం తెర మీద రెండు ఇంగ్లీషు మాటలు వేసి ఆగిపోయింది.

"ఏమంటందే?"

"రీజియన్ తప్పంట."

అమ్మ ముఖం మాడిపోయింది. చదువు లేకపోయినా ఆమెకు బాగా తెలిసిన ఇంగ్లీషు మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో రెలిజియన్ ఒకటి. నా చదువు కోసం, తర్వాత టీచరు ఉద్యోగం కోసం దరఖాస్తు నింపిన ప్రతిసారీ ఆ గడి దగ్గర ఇద్దరం ఆగిపోయేవాళ్ళం. మాది చర్చి రిజిస్టర్లో ఒకటి, కులం సర్టిఫికెట్లో ఇంకొకటి. ఏది రాస్తే ఏం పోతుందో తెలియక మండలాఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగామో చెప్పలేను.

"దీనిక్కూడా కావాలంటనా అది? ఇప్పుడేం రాసియ్యాలంట?" అంది.

నేను పగలబడి నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. చిన్నబుచ్చుకుని లేచిపోయింది. ఆ ఆదివారం స్త్రీల కూడికలో, మా ఇంట్లో మిషను మతం అడుగుతోంది, ప్రార్థన చెయ్యండని అందరికీ చెప్పింది కూడా. అయ్యగారే పాపం ఓపిగ్గా విడమరిచారు.

"రెలిజియన్ కాదమ్మా, రీజియన్. అంటే ప్రాంతం. లోకాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కకి ఆ ముక్కే తాళం వేసుకున్నారు. ఆ ప్రాంతం డిస్కు మన ప్రాంతం మిషన్లో ఆడదు."

"ఇంకా అన్యాయంగా ఉందే అయ్యగారూ! తీసింది మన కళ్ళంలోనేగా? మా నాయనది ఈ ప్రాంతం కాదంటనా?"



అద్దంకిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుకి తీసుకెళ్తే, "ఇంకా డీవీడీలేంటి టీచరుగారూ, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోకూడదా" అన్నారు. మా స్కూలు కంప్యూటర్లకి డిస్కు పెట్టే చోటే లేదు. గుంటూరులో పాత టేప్‌రికార్డర్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. వెళ్దామనే అనుకున్నాను. పదో తరగతికి ప్రత్యేక క్లాసులు, పేపర్లు దిద్దడం, ఇంటికొస్తే వంట, అమ్మ కంట్లో పూటపూటా చుక్కలు. ఆదివారం చర్చి నుంచి రాగానే మంచం ఎక్కితే లేవబుద్ధి అయ్యేది కాదు. అమ్మ మొదట్లో రోజూ అడిగేది, తర్వాత వారానికోసారి, తర్వాత మానేసింది. మానేసినందుకు నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

ఐదు నెలల తర్వాత కంటి పరీక్షకని గుంటూరు వెళ్ళినప్పుడు, ప్లేయర్‌ని సంచిలో పెట్టి మోసుకెళ్ళాను. అమ్మను ఆస్పత్రి బెంచీ మీద కూర్చోబెట్టి ఆ కొట్టు వెతుక్కుంటూ పోయాను. పెద్దాయన దాని స్క్రూ ఒక్కటి కూడా విప్పలేదు. కొట్లో టీవీకి తగిలించి, ట్రే తెరిచి, రిమోట్ మీద వరసగా కొన్ని అంకెలు నొక్కాడు. నేనెప్పుడూ చూడని జాబితా ఒకటి తెర మీదికొచ్చింది. అన్ని ప్రాంతాలూ అన్న వరస ఎంచి, మూసేశాడు.

"అంతేనమ్మా. ఈ రకం మిషన్లలో చాలావాటికి ఈ దొడ్డిదారి ఉంటది. ఫోన్ చేసినా చెప్పేవాణ్ణిగా."

రెండు నిమిషాల పని. దానికోసం నేను ఐదు నెలలు ఓపిక లేదనుకుంటూ కూర్చున్నాను. నామీద నాకే అసహ్యమేసింది. ఆస్పత్రికి తిరిగొచ్చేసరికి కుడికన్ను సంగతి డాక్టరు అమ్మకే చెప్పేశాడు. ఇక వెలుతురూ నీడా తెలుస్తాయంతే. చాన్నాళ్ళుగానే అలా ఉందని, చెబితే నేను కంగారుపడతానని దాచిందట.

మర్నాడు మధ్యాహ్నం డీవీడీ ఆడింది. మా పాత టీవీకి ఆ దేశపు రంగులు పట్టలేదు, అంతా బూడిదరంగే. ఎవరో ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతున్నాడు. కళ్ళం వచ్చిందని చెప్పాను.

"ఎర్రగా ఉందా?"

"ఎర్రగా ఉందమ్మా."

పదకొండుమంది గోతాలు మోస్తూ, కాయలు తిరగేస్తూ అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎవరు ఎవరో చెప్పే దిక్కు లేదు. అమ్మకు చూపు లేదు. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు.

"మా నాయన ఏడే?"

వెతికాను. వెనక్కి తిప్పి మళ్ళీ వెతికాను, అమ్మ ముక్కుగానీ గడ్డంగానీ ఎవరికైనా ఉందేమోనని. ఆమె చెయ్యి నా మోకాలిని గట్టిగా పట్టుకుంది. ఒక్కడు మాత్రం కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు.

"ఇదిగో. తలపాగా చుట్టుకుని, నవ్వుతున్నాడు," అన్నాను.



"నవ్వేవాడన్నమాట," అంది అమ్మ. "నాకు కసిరేదే గుర్తుంది."

పేటంతా చెప్పుకుంది. ఎవరొచ్చినా డీవీడీ పెట్టమంటుంది. నేను ఆ తలపాగా మనిషినే చూపిస్తాను. చూపించిన ప్రతిసారీ, ఆయన వెనకాల గోతం మీద వంగి ఎవరినో కసురుతున్న మనిషి మీదికి నా కళ్ళు పోతాయి.