చప్పుడు చేయని బండి

మూసాపేటలో కిష్టయ్య షెడ్డుకి బోర్డు లేదు. అవసరమూ పడలేదు. కారులో చల్లగాలి రాకపోతే ఆ చుట్టుపక్కల డ్రైవర్లందరికీ తెలిసిన తోవ అదొక్కటే. కిష్టయ్యకు నాలుగు మాటలు రాసుకునేంత చదువు లేదు, పెద్ద పెద్ద మిషన్లూ లేవు. ఉన్నదల్లా చెక్క పిడి వేసిన మూరెడు స్క్రూడ్రైవరు. దాని మొన కంప్రెసరు మీద పెట్టి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. నిమిషం తిరక్కుండా బేరింగు అరిగిందనో, క్లచ్చి జారుతోందనో, గ్యాసు తగ్గిందనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది. డాక్టర్లు కూడా అంత కచ్చితంగా చెప్పరని డ్రైవర్లు అనేవారు. డాక్టర్లు తప్పు చెప్పినా ఫీజు తీసుకుంటారు కాబట్టి ఆ పోలిక కిష్టయ్యకు నచ్చేది కాదు.

ఈ విద్య అతనికి నాంపల్లిలో ఫ్రిజ్‌లు బాగుచేసే గఫార్ ఉస్తాద్ పెట్టిన భిక్ష. కన్ను మోసం చేస్తుంది గాని చెవి చేయదని ఉస్తాద్ రోజుకోసారి చెప్పేవాడు. ఉస్తాద్ చెప్పిన వాటిలో తప్పయింది అదొక్కటే.

కిష్టయ్యకు యాభై రెండో ఏట ఎడమ చెవి మొరాయించింది. ముప్పై ఏళ్ళు ఇంజన్ల పక్కన తల పెట్టినవాడికి చెవుడు రాక ఇంకెవరికి వస్తుంది! మొదట్లో దుమ్మనుకున్నాడు, చలువనుకున్నాడు, కొబ్బరినూనె పోసుకున్నాడు. ఆ తర్వాత కుడిది కూడా మెల్లమెల్లగా మసకబారింది. దవాఖానకు పోలేదు. పోతే డాక్టరు పేరు పెట్టి చెబుతాడు, చెబితే అది నిజమైపోతుంది. చెవిటి మెకానిక్ దగ్గరికి బండి ఎవడు తెస్తాడు? బండ్లు రాకపోతే మనుషులు రారు. భార్య యాదమ్మ పోయి ఐదేళ్ళయింది, పిల్లల్లేరు. షెడ్డు వెనక గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు. బండి తెచ్చేవాళ్ళే అతనికి చుట్టాలూ పక్కాలూ. అందుకని దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాడు.

దాచడానికి నానా తంటాలు పడ్డాడు. ఎదుటివాళ్ళ పెదాలు చూసేవాడు. వాళ్ళు నవ్వితే నవ్వేవాడు. ఏదైనా అడిగితే ముందు తల ఊపి, ఆ తర్వాత వాళ్ళ మొహంలో మార్పు చూసి ఊపింది సరైందో కాదో తెలుసుకునేవాడు. అది చాలాసార్లు పనిచేసింది. ఒక్కసారి పనిచేయలేదు. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో చంద్రయ్య అనే డ్రైవరు పక్కన కూర్చుని ఏదో చెబుతున్నాడు. హోటలంతా గోలగా ఉంది. చంద్రయ్య మొహం వంచుకుని చెప్పడంతో పెదాలు కనబడలేదు. ఎప్పుడూ జోకులు వేసే మనిషి కదా అని కిష్టయ్య పకపకా నవ్వి వీపు మీద చరిచాడు. చంద్రయ్య చెప్పింది తన తమ్ముడు లారీ కింద పడి చనిపోయిన సంగతి.

ఆ సంగతి మర్నాడు పంక్చర్ షాపు అతను సైగ చేసి చెబితే తెలిసింది. ఆ రోజు కిష్టయ్య అన్నం తినలేదు. చంద్రయ్య ఇంటికి పోయి కాళ్ళు పట్టుకుందామనుకున్నాడు. పోతే ఎందుకు నవ్వావని అడుగుతారు, కారణం చెప్పాలి. పోలేదు. హోటలుకు వెళ్ళడం మానేశాడు. చాయ్ గదిలోనే కాచుకున్నాడు. రేడియో పెట్టడం మానేశాడు. డ్రైవర్లు బండి ఇచ్చి, ఏమైందో రెండు ముక్కల్లో చెప్పి, హోటల్లోకి వెళ్ళి కూర్చునేవారు. పూర్వం స్టూలు లాక్కుని గంటలకొద్దీ కబుర్లు చెప్పినవాళ్ళే. రెండేళ్ళు అట్లా గడిచాయి. మనుషుల మధ్య ఉంటూ ఒంటరిగా బతకడం అడవిలో బతకడం కన్నా కష్టం. అడవిలో కనీసం నవ్వు నటించే పని ఉండదు.

తొంభై తొమ్మిదో సంవత్సరం మే నెలలో, ఎండ పెళపెళలాడుతున్న ఒక మధ్యాహ్నం, నర్సయ్య ఒక వింత బండి తెచ్చాడు. నర్సయ్య హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి డ్రైవరు. మెదక్ వైపు మనిషి. బండి ఆ కంపెనీ పెద్దసారు రంగనాథ్‌ది. కర్నూలు నుంచి వచ్చి పైకెదిగిన ఆయన జపాన్‌తో వ్యాపారం చేస్తూ, మోజు పడి అక్కడి నుంచే తెప్పించుకున్నాడు. పెట్రోలుతోనూ నడుస్తుంది, బ్యాటరీతోనూ నడుస్తుంది. పొద్దున చల్లగానే ఉంటుందట, మధ్యాహ్నం కాగానే, అందులోనూ సిగ్నల్ దగ్గర ఆగితే, వేడిగాలి కొడుతుందట. రెండు పెద్ద షోరూములవాళ్ళు బానెట్ ఎత్తి, లోపల నారింజ రంగు మందపాటి వైర్లు చూసి, దండం పెట్టి మూసేశారు. వాటిని ముట్టుకుంటే మనిషి మాడిపోతాడని సారు నర్సయ్యకు పదిసార్లు చెప్పాడు. నర్సయ్య ఆ మాట కిష్టయ్యకు చేతులతో చూపించి మరీ చెప్పాడు.

కిష్టయ్య గ్యాసు ఒత్తిడి కొలిచే గేజీ తీశాడు. అది ఈ బండికి పట్టలేదు. ఇందులో గ్యాసు కొత్త రకం, పైపుల మూతులూ కొత్త రకం. ఇక మిగిలింది స్క్రూడ్రైవరు, కుడి చెవిలో మిగిలిన కాస్త వినికిడి. నర్సయ్యను లోపల కూర్చోబెట్టి స్టార్ట్ చేయమన్నాడు. నారింజ వైర్లకు దూరంగా, సందులోంచి మొన కంప్రెసరుకు తగిలించి పిడిని ఎముకకు ఆనించాడు.

వినిపించింది. సన్నగా, దూరంగా, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టుగా అయినా వినిపించింది. బేరింగు బాగుంది. క్లచ్చి టక్కున పట్టుకుంది, కాసేపటికి వదిలేసింది, మళ్ళీ పట్టుకుంది. కిష్టయ్యకు ప్రాణం లేచి వచ్చింది. కంప్రెసరు ఏదో అడ్డం పడి వదిలేస్తోందని, గ్యాసు లోపం కాదని అర్థమవుతోంది.

అంతలో ఏమీ వినిపించలేదు.

మొన జరిగిందేమోనని సర్దాడు. లేదు. ఎముకకు ఇంకా గట్టిగా నొక్కాడు. లేదు. చెవి మార్చాడు, మళ్ళీ కుడి చెవికే తెచ్చాడు. రేడియేటర్ ముందు ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది, దాని అదురు బానెట్‌కు తెలుస్తూనే ఉంది. ఇంజన్ ఆగిపోతే దగ్గుతుంది, ఒక ఊపు ఊపుతుంది. ముప్పై ఏళ్ళలో చడీచప్పుడు లేకుండా ఆగిపోయిన ఇంజన్ అతను చూడలేదు. తల ఎత్తి, బండి చాలూలోనే ఉందా అని చేత్తో అడిగాడు. నర్సయ్య ముందున్న డాష్‌బోర్డు చూశాడు. అక్కడ పచ్చ దీపం వెలుగుతోంది. ఆ దీపం ఉంటే బండి చాలూలో ఉన్నట్టేనని సారు నేర్పాడు. ఉందని తల ఊపాడు.

కిష్టయ్య స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. ఎప్పటికైనా వస్తుందని తెలిసిన రోజే. అయితే ఇంత ఎండలో, ఇంకో మనిషి చూస్తుండగా, దీపం ఆర్పినట్టు వస్తుందనుకోలేదు. స్టూలు మీద కూలబడ్డాడు. నర్సయ్య కంగారుగా దిగి దగ్గరికి వచ్చాడు. ఇక దాచి ఏం చేసుకోవాలి?

"నర్సయ్యా, నాకు చెవులు పోయినయి," అన్నాడు. "మూడేండ్ల సంది తక్కువైతున్నయి. ఎవ్వరికి చెప్పలే. ఇప్పుడు మొత్తమే పోయినయి. బండి తీస్కపో."

నర్సయ్య బండి దగ్గరికి పోయి, బానెట్ కింద తల పెట్టి విన్నాడు. తిరిగి వచ్చి కిష్టయ్య కుడి పక్కన గొంతుక్కూర్చుని, నోరు చెవికి దగ్గరగా పెట్టి చెప్పాడు.

"కిష్టన్నా, నాకు గూడ ఏం ఇనస్తలేదు. ఇంజన్ బందున్నది. ఈ బండి ఆగినప్పుడు దానంతట అదే బందైతది, బ్యాటరీ మీద ఉంటది. సిగ్నల్ కాడ రోజు ఇంతే. నాకు అలవాటై చెప్పుడు మర్సిన."

ఆ ప్రతి మాటా కిష్టయ్యకు వినిపించింది. ఆ మాటల కన్నా, అవి వినిపించాయన్నది ముందు అర్థమైంది. అంతలో ఇంజన్ తనంతట తానే మళ్ళీ లేచింది. కిష్టయ్య ఒక్క ఉదుటున పోయి స్క్రూడ్రైవరు ఆనించాడు. బెల్టు, బేరింగు, క్లచ్చి, అన్నీ ఉన్నాయి. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెనకనే ఇంకోటి కూడా వచ్చింది. ఇప్పుడే తన నోటితో తానే అంతా చెప్పేశాడు. ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్నది, అవసరమే లేని చోట వెళ్ళగక్కాడు.

సిగ్గు కప్పుకోవడానికి మగవాడికి పనిని మించిన దుప్పటి లేదు. కిష్టయ్య నర్సయ్య మొహం చూడకుండా పనిలో పడ్డాడు. సిగ్నల్ దగ్గర వేడిగాలి ఎందుకో సగం తేలిపోయింది. కంప్రెసరును తిప్పేది ఇంజన్ బెల్టు, ఇంజన్ ఆగితే అదీ ఆగుతుంది. ఇది జబ్బు కాదు, బండి నైజం. ఏసీ దగ్గరి బటన్లు నర్సయ్యతో ఒక్కొక్కటే నొక్కించి చూస్తే, ఇంజన్ ఆగకుండా పట్టి ఉంచేది ఒకటి దొరికింది, సారు దాన్ని ముట్టుకోనే లేదు. రెండో సగం చేతికి దొరికింది. బండి ముందు భాగంలో రేడియేటర్‌కు ముందుండే జాలీ మీద అరచెయ్యి పెడితే గాలి లోపలికి పోవడమే లేదు. మాదాపూర్‌లో బండలు పేల్చి, సిమెంటు కలిపి, కొత్త బిల్డింగులు లేపుతున్న దుమ్మంతా వచ్చి అందులో రొట్టెలా గట్టిపడింది. వేడి బయటికి పోయే దారి లేక కంప్రెసరు మాటిమాటికీ వదిలేస్తోంది. జపాన్‌లో చేసినవాళ్ళకు మన దుమ్ము సంగతి ఏం తెలుసు!

పాత పళ్ళ బ్రష్షుతో, సన్నటి నీటి ధారతో, రేకులు వంగకుండా గంటన్నర కడిగాడు. బురద నీళ్ళు కాల్వ కట్టాయి. ఆరనిచ్చి, బటన్ నొక్కించి, మళ్ళీ స్టార్ట్ చేయించాడు. లావు పైపు చల్లబడి చెమట పట్టింది. లోపల చెయ్యి పెడితే వేళ్ళు జివ్వుమన్నాయి. నర్సయ్య సంతోషంతో సీట్లో వెనక్కి వాలాడు.

అప్పుడు కిష్టయ్య కిటికీ దగ్గరికి వచ్చి, తలుపు పట్టుకుని, నేల చూస్తూ అడిగాడు. "ఇందాక నేను అన్నది ఎవరికి చెప్పకు."

నర్సయ్య కిందికి దిగాడు. కిష్టయ్య మొహానికి ఎదురుగా నిలబడి, పెదాలు కనిపించేట్టు, నిదానంగా మాట్లాడాడు.

"ఎవరికి చెప్పాలె అన్నా? అందరికి ఎర్కనే. చంద్రయ్య తమ్ముడు పోయిండని చెప్తె నువ్వు నవ్వినవు సూడు, ఆ దినమే ఎర్కైంది. కిష్టయ్య గట్ల నవ్వే మనిషి కాదు, ఇనవడలేదు అని చంద్రయ్యే చెప్పిండు మాకు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని ఊరంతా అంటారు గాని, కళ్ళు తెరిచిన పిల్లి మొహం ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. కిష్టయ్య మొహం ఆ రోజు అట్లా ఉంది. మొదట కోపం వచ్చింది. రెండేళ్ళు తాను ఆడిన నాటకానికి వీళ్ళంతా టిక్కెట్టు లేకుండా కూర్చున్నారన్నమాట. మరి తెలిసీ బండ్లు ఎందుకు తెచ్చారని అడిగాడు. నీ చేతికి చెవుడు రాలేదు గదా అన్నాడు నర్సయ్య.

"మరి నా కాడ కూసునుడు ఎందుకు బంద్ చేసిండ్రు?" అన్నాడు కిష్టయ్య.

నర్సయ్య రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ముచ్చట పెడితే నీకు ఇనవడదు, మళ్ళ పరేషాన్ అయితవు, అందరి ముందర సిగ్గు పడతవు. పెద్దోనివి. అందుకే మేమే తగ్గించినం అన్నా. చెప్పేటిది చెప్పి అవతలికి పోదామని అనుకున్నం."

ఎదురుగా హోటల్లో నలుగురైదుగురు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళు తన పరువు కోసం దూరం జరిగారు, తాను తన బతుకు కోసం దూరం జరిగాడు. ఆ రెండు మంచితనాల మధ్య కిష్టయ్య రెండేళ్ళు ఒక్కడే కూర్చుని అన్నం తిన్నాడు. ఎవరిని తిట్టాలో తెలియలేదు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకు బురద ఉంది, భుజంతో తుడుచుకున్నాడు.

"ఇగ పెట్టుండ్రి ముచ్చట," అన్నాడు. "గట్టిగ పెట్టుండ్రి."

ఐదింటికి సారును తీసుకురావాలి, నర్సయ్య గడియారం చూసుకున్నాడు. అయినా స్టూలు లాక్కుని కుడి వైపు కూర్చున్నాడు. ఊళ్ళో వాళ్ళ బోరు ఎండిపోయిన సంగతి మొదలుపెట్టాడు, పంక్చర్ షాపు అతను ఉలిక్కిపడి తొంగిచూసేంత గట్టిగా.