ఫోటో పెద్దమ్మది, మాట నాది

మా పెద్దమ్మ పోయిన శనివారం ఉదయం ఏడు గంటలకు ధర్మవరంలో తన ఇంట్లో చనిపోయింది. రాట్నం ముందు కూర్చుని దారం కొస అందుకుంటూ పక్కకు ఒరిగిందని ఎదురింటామె చెప్పింది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. వయసు డెబ్బై రెండు. అంతకు ముందురోజే రైల్లో పెనుకొండ వెళ్లి మ్యాట్నీ చూసి వచ్చింది. బాగాలేదని రాత్రికి వీధంతా చెప్పింది.

ఆమె మా అమ్మకు అక్క. నలభై ఏళ్లకు పైగా పట్టు మగ్గాలకు కండెలు చుట్టింది. చీరలో అడ్డంగా నేసే దారాన్ని రాట్నం మీద చిన్న గొట్టాలకు ఎక్కించడం ఆ పని. పెదనాన్న మగ్గం ఆగిపోయాక పక్కిళ్ల మగ్గాలకు చుట్టేది. ఉన్న సరదా ఒక్కటే, వారానికో సినిమా. వీధిలో ఆడవాళ్లు మ్యాట్నీకి పోవాలంటే పూట పని వదులుకోవాలి. ఏ సినిమాకు వదులుకోవచ్చో ముందు పెద్దమ్మ చూసొచ్చి చెప్పాలి. ఎక్కువసార్లు వద్దనే చెప్పేది. అది కూడా నోరు తెరవకముందే తెలిసిపోయేది. సినిమా చెత్తగా ఉంటే వచ్చీ రాగానే చీర కూడా మార్చుకోకుండా రాట్నం ముందు కూర్చునేది. ఆ చప్పుడు విని పక్కింటి వాళ్లు సినిమాకని దించిన టిఫిన్ డబ్బాలు మళ్లీ అటక మీద పెట్టేవాళ్లు.

మన సీమ మనుషులు వందమంది వేటకొడవళ్లతో పరిగెత్తే సినిమా చూసొచ్చి ఇలా అంది: "ఈడ పుట్టి ఈడనే ముసిలిదాన్నయినా. మనోళ్లు అంతమంది ఒకేసారి పరిగెత్తేది నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడే చూసినా."

నేతపని వాళ్ల కష్టాల మీద తీసిన సినిమాకు జనం ఏడుస్తున్నారని నేను పనిచేసే పేపర్లోనే రాశాం. ఆమె ఏడవలేదు. "ఆ హీరో మగ్గం తొక్కేకి గుంతలో కాళ్లే పెట్టలే. కాళ్లు బాసిపట్లేసుకోని నేస్తాండాడు. మన కష్టం చూపిస్తామని వచ్చి మన్ని ఒక మాట అడగను కూడా అడగలే."

దయ్యం సినిమా గురించి: "పాపం, దయ్యం ఒక్కటే పని చేసింది. మిగతావాళ్లంతా వూరికే అరిచినారు."

హిందూపురంలో ఒకసారి కన్నడ సినిమా కూడా చూసింది. ఎట్లుందని అడిగితే, "భాష మారింది. కొట్టేది అదే చెంప" అంది.

సగంలో లేచి వచ్చింది ఒక్కసారి కూడా లేదు. ఇంత అసహ్యపడుతూ ఎందుకు కూర్చుంటావని అడిగాను. "బాగలేదని చెప్పల్లంటే కడాకు చూడల్ల నాయనా. సగంలో లేచొచ్చినోళ్ల మాట ఎవురు నమ్ముతారు?"

మెచ్చుకున్న సందర్భం నాకు ఒక్కటే గుర్తుంది. అదీ సినిమా కాదు, అందులో ఒక ముక్క. "ఆసుపత్రిలో ముసలామె మంచం ఖాళీ చేసి పోతా దుప్పటి మడత పెడ్తాది. ఎవురూ సూడకపోయినా పెడ్తాది. అది తీసినోనికి ఇంట్లో అమ్మ ఉండాది."

ఇక రాయవలసిన అసలు విషయం.

పన్నెండేళ్ల కిందట నేను ధర్మవరంలో విలేకరిని. కొత్త సినిమా వచ్చిన రోజు హాలు బయట నిలబడి నలుగురి అభిప్రాయాలు రాసుకుని, ఫోటోలతో, చుట్టూ గీతలు గీసి, పేజీలో ఒక డబ్బా కట్టి వేసేవాళ్లం. ఆ రోజు పెద్దమ్మ కనిపిస్తే ఆమెనూ అడిగాను. ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను, ఫోటో తీశాను. మర్నాడు పేపర్లో ఆమె ఫోటో కింద వచ్చిన వాక్యం ఇది: కుటుంబమంతా కలిసి చూడదగ్గ సినిమా. అది ఆమె అనలేదు. నేను రాశాను. ఆ హాలు మా పేజీకి వారంవారం ప్రకటన ఇచ్చేది. మార్చమని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకముందే మార్చాను.

పెద్దమ్మ హాలు నుంచి అటే చుట్టాలింటికి వెళ్లింది, పేపరు వచ్చిన రోజు సాయంత్రం గాని వీధికి రాలేదు. ఆమె ఎప్పుడూ మెచ్చుకోదు కాబట్టి ఆ వాక్యాన్ని వీధి నమ్మింది. ఎదురింటామె కూతురు అప్పటికి పది రోజులుగా పుట్టింట్లో ఉంది. మొగుడు కొడితే వచ్చేసింది. మనసు తేలికపడుతుందని తల్లి ఆ మధ్యాహ్నమే ఆమెను ఆ సినిమాకు తీసుకెళ్లింది. అందులో హీరో పెళ్లాన్ని కొట్టే సన్నివేశం హాస్యం కోసం పెట్టారు. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి విశ్రాంతి వరకు తల వంచుకుని కూర్చుని, లైట్లు వెలగగానే బయటికి వచ్చేసింది.

సాయంత్రం నేను వెళ్లేసరికి ఎదురింటామె పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వు చెప్పినావనే పోతిమి గదక్కా. నీకు తెల్దా మా పిల్ల సంగతి?"

పెద్దమ్మ నావైపు తిరిగింది. పేపరు నా ముందు పరిచింది.

"నా ఫోటో ఉండాది. నా మాట యాడప్పా?"

సవరణ వేస్తానన్నాను. "ఎయ్యి. ఇంకేం అడగను నిన్ను" అంది. నేను వేయలేదు. సినిమా డబ్బాకు సవరణ ఏమిటని డెస్కులో నవ్వుతారనుకున్నాను.

మర్నాటి నుంచి మూడు రోజులు మ్యాట్నీ సమయానికి పెద్దమ్మ ఆ హాలు గేటు దగ్గర నిలబడింది. వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. ఎదురుగా టీ కొట్టు నుంచి నేను చూశాను.

"ఏమవ్వా, పేపర్లో బాగుందంటివి?" అన్నాడొకాయన.

"పేపర్లో ఉండేది నా మొగమప్పా. మాట నాది కాదు."

మేనేజరు బయటికి వచ్చాడు. "ఏమమ్మా, ఈడ నీకేం పని?"

"పనేం లే. సినిమా చూసినా. చెప్తాండా."

మూడో రోజు వాచ్‌మన్ చేత పంపించేశారు. నేను టీ కొట్టు దాటి రాలేదు. ఆ తర్వాత ఆమె ఆ హాల్లో అడుగు పెట్టలేదు. సినిమా కోసం రైలెక్కి పెనుకొండకో హిందూపురానికో వెళ్లేది. పాప్‌కార్న్ వాసన పడదని బొరుగులు, వేయించిన శనక్కాయలు గుడ్డలో మూట కట్టుకునేది. వీధి ఆడవాళ్లు ఆమెను మళ్లీ నమ్మడానికి ఏడాది పట్టింది.

నాతో మాట్లాడటం మానలేదు. సవరణ సంగతి మళ్లీ ఎత్తలేదు. కిందటేడు హిందూపురంలో హాలు బయట ఫోన్లలో వీడియో తీస్తున్న ఇద్దరు ఆమెను ఆపి సూపర్ అని చెప్పమన్నారు. అసయ్యంగా ఉండాదని చెప్పిందట. ఇంటికి వచ్చాక వేశారేమో చూడమంది. వెతికి చూపించాను. ఆమె చెయ్యి ఊపడం వరకే ఉంచారు. కింద పెద్ద అక్షరాల్లో, అవ్వకు తెగ నచ్చేసింది అని ఉంది. ఆమె కాసేపు చూసి ఫోను నా చేతికిచ్చింది.

"నీ శిష్యులా వీళ్లు?"

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ ఇంతకంటే సరిగ్గా అంచనా వేయలేదు. ఆ రోజే నా ధర్మవరం నాటి పాత నోటుపుస్తకం తీసి చూశాను. ఆమె చెప్పిన మాటలు అలాగే ఉన్నాయి. అప్పుడైనా వేసి ఉంటే ఆమె చదివేది. పన్నెండేళ్లు ఆలస్యంగా, ఆమె చదవలేని రోజున ఇక్కడ వేస్తున్నాను:

"అసయ్యమేసింది. పెండ్లాన్ని కొడితే నవ్వల్లనంట. నా పక్కన కూచున్నామె నవ్వలే, నేనూ నవ్వలే. మా వీధోళ్లకు పోవద్దని చెప్తా."

ఎదురింటామె కూతురు మొగుడి దగ్గరికి తిరిగి వెళ్లలేదు. పెద్దమ్మ దగ్గరే కండెలు చుట్టడం నేర్చుకుంది. శనివారం రాట్నం మీద సగంలో ఆగిన కండెను ఆమే పూర్తి చేసి మగ్గం వాళ్లకు ఇచ్చింది.

పెద్దకర్మ మంగళవారం. ఆ శుక్రవారం హిందూపురంలో కొత్త సినిమా వస్తోంది. పొద్దున రైలుకు ఆ అమ్మాయి ఒక్కతే వెళ్తుంది, బొరుగుల మూటతో. మ్యాట్నీ కడదాకా చూసి సాయంత్రం రైలుకు తిరిగి వస్తుంది. వీధిలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని, రాట్నం చప్పుడు కోసం వింటుంటారు.