అరుపు వినిపిస్తే ఆగని లిసానియాస్

ఏథెన్సులో ఎవరింట్లో అరుపు వినిపించినా, పిలవకుండానే తలుపు తోసుకుని లోపలికి జొరబడే మనిషి ఒక్కడే ఉండేవాడు. మా కుమ్మరివాడ లిసానియాస్.

తప్పు అతనిది కాదు, నాటకాలది. ద్రాక్షసారా దేవుడు డయొనీసస్ పండుగకి ఆడే నాటకాల్లో మేమిద్దరం చాలా ఏళ్ళు బృందంలో పాడాం. మా వేషం ఎప్పుడూ ఊరి పెద్దమనుషులదే. రాణి రాజును నరుకుతుంది, తండ్రి పగ తీర్చడానికి కొడుకు తల్లి మీద కత్తి ఎత్తుతాడు. అంతా తలుపు వెనకే. చావుకేక వినగానే మేం గుమ్మం ముందు గడ్డాలు నిమురుకుంటూ, వెళదామా వద్దా అని రాగం తీస్తాం. మా రాగం పూర్తయ్యేసరికి లోపల పని కూడా పూర్తవుతుంది. నాకది ఆట. లిసానియాస్‌కి మాత్రం ఆ రోజు రొట్టె గొంతు దిగేది కాదు.

"ఇంతమంది మగాళ్ళం నిలబడి, ఒక్కడూ తలుపు తియ్యలేదేంట్రా?" అని నన్ను నిలదీసేవాడు. కథలో అలా రాసుందని నేనంటే, రాసినవాడిని చూపించమనేవాడు.

ఆ బెంగ ముదిరి వీధిన పడింది. పంది కీచుమంటే పరుగెత్తి, పంది తరఫున వాదించి వచ్చాడు. ఒకడు పుచ్చిన పన్ను పీకించుకుంటుంటే వెళ్ళి పీకేవాడి చెయ్యి పట్టుకున్నాడు. సగం ఊడిన పన్నుతో ఆ రోగి తిట్టిన తిట్లు ఎవరికీ అర్థం కాలేదు. ఒకసారి పురిటి గదిలోకే దూరి, ఎవరు ఎవరిని చంపుతున్నారని అడిగాడు.

"ఇంకాసేపుంటే నేనే నిన్ను," అంది మంత్రసాని.

చివరికి నాటకంలోనే కొంప ముంచాడు. రాజుగారి చావుకేక వినిపించింది. మేం రాగం ఎత్తుకున్నాం. లిసానియాస్ వరసలోంచి తప్పుకుని, రాజభవనం తలుపు తెరుచుకుని లోపలికి పోయాడు. మరుక్షణమే వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చి, కొండవాలు నిండా కూర్చున్న జనానికి చాటింపు వేశాడు.

"రాజుగారు క్షేమం. రాణిగారి బట్టలు కట్టుకుంటున్నారు."

రెండు వేషాలూ ఒకే నటుడివి మరి. జనం కడుపులు పట్టుకుని దొర్లారు. పండుగ పోటీలో మా నాటకం అన్నిటికన్నా అడుగున నిలిచింది, అతన్ని బృందంలోంచి తీసేశారు.

అప్పటికి మా పక్కింట్లో కుండలు చేసే నికెరతస్, థ్రసిలస్ అన్నదమ్ములకి పడడం లేదు. తండ్రి పోతూ కుండలు కాల్చే ఆవం ఒక్కటే వదిలాడు. అది నాదంటే నాదని, నీ రక్తం కళ్ళజూస్తానని, తెల్లారితే అరుపులు మొదలయ్యేవి. లిసానియాస్ రోజూ వెళ్ళేవాడు, రోజూ ఇద్దరి చేతా తిట్లు తిని వచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం నీడన కూర్చుని ఆలివ్ కాయలు తింటున్నాం. లిసానియాస్ నమలడం ఆపాడు, చెవి ఒగ్గాడు, లేచి పరుగెత్తాడు. నాకు చీమ చిటుక్కుమన్న చప్పుడైనా వినపడలేదు. అయినా వెనకే పరుగెత్తాను.

ఆ అన్నదమ్ముల ఇంట్లో నికెరతస్ చేతిలో కత్తి. థ్రసిలస్ చేతిలో ఆవంలో నిప్పు ఎగదోసే ఇనప కడ్డీ. ఇద్దరూ పళ్ళు బిగించి ఒకరినొకరు చూస్తున్నారు. లిసానియాస్ మధ్యలో దూరి, నేల మీద చతికిలబడ్డాడు.

"ఎవరూ అరవలేదే బాబాయ్. ఎందుకొచ్చావు?" అన్నాడు నికెరతస్.

"అందుకేరా వచ్చాను. రోజూ చెవులు చిల్లులు పడేలా అరుచుకునేవాళ్ళు, పొద్దున్నుంచీ నోరు మెదపలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

లిసానియాస్ సర్దుక్కూర్చుని, మీరు అరిస్తే గాని లేవనన్నాడు. థ్రసిలస్ నేల చూపులు చూస్తూ, ఆవం నాదే అని గొణిగాడు.

"వినపడలేదు," అన్నాడు లిసానియాస్.

"ఎలా అవుతుందిరా నీది," అంటూ నికెరతస్ కత్తి విసిరేసి గొంతు పెంచాడు. థ్రసిలస్ కడ్డీ పారేసి అంతకన్నా పెంచాడు. ఆవం దగ్గర మొదలై, చిన్నప్పుడు అమ్మ ఎవరికి ఎక్కువ అత్తిపళ్ళు పెట్టిందనే దాకా పోయింది. ఆవం సంగతి ఆ రోజు తేలలేదు. వీధిలో ఆడవాళ్ళు మాత్రం తలుపుల్లోంచి తొంగిచూసి, మళ్ళీ మొదలెట్టారమ్మా వీళ్ళు అనుకుంటూ, హాయిగా ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.