తులలేని దొర పాట

ఆ పాట కట్టింది నేను. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. పాడిన మనిషి వేరు. శిక్ష అనుభవించిందీ అతనే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. యుద్ధం జరుగుతున్న రోజులు. మదనపల్లెలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో టీచరుగా ఉండేదాన్ని. మా నాయన ఉపదేశి. పల్లెలు తిరిగి వాక్యం చెబుతూ, జనానికి తెలిసిన కోలాటం వరసల్లో దేవుని కీర్తనలు కట్టేవాడు. వరసకు మాటలు కూర్చే విద్య నాకు ఆయన దగ్గరే అబ్బింది. కాకపోతే నాయన దేవుణ్ణి పొగడటానికి కట్టేవాడు, నేను మనుషుల్ని ఎగతాళి చేయడానికి కట్టేదాన్ని. హాస్టల్ వార్డెన్ మీద కట్టాను, కుట్టుపని టీచరు మీద కట్టాను, ప్రసంగం మొదలుకాగానే కునుకు తీసే సంఘం పెద్ద మీద కట్టాను. పైకి వింటే అంతా పొగడ్తే. వాళ్ళు మురిసిపోతుంటే మిగతావాళ్ళం పమిట కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళం. ఆ సరదా ఒకసారి మరిగితే వదలదు.

హాస్టల్ గిన్నెలకు కళాయి పూయడానికి పుంగనూరు నుంచి ఒక సాయిబు వచ్చేవాడు. నలభై ఏళ్ళుంటాయి. వంటింటి వెనక గుంట తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు రాజేసి, కాలిన గిన్నెలో తగరం ముక్క గీసి, దూదితో ఒక్క తిప్పు తిప్పేవాడు. గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టుండేది. పని చేస్తున్నంతసేపూ పాడేవాడు. ఏ గొంతులోనూ అంత తీపి నేను మళ్ళీ వినలేదు. హోటల్లో గ్రామఫోను పాట ఒకసారి వింటే చాలు, వరస పట్టేసేవాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు బజార్లో నేర్చుకున్నాడు, చదవడం రాదు. పాటలో మాటలు నోటికి వచ్చేవి గానీ వాటి లోతు అతను పట్టించుకునేవాడు కాదు.

తగరం వచ్చేది మలయా నుంచి. దాన్ని జపాన్ వాళ్ళు పట్టుకున్నాక సరుకు దొరకడం మానేసింది. అతని పని ఆగిపోయింది. తిత్తి గోడకు తగిలించి పెళ్ళిళ్ళలో పాటలు పాడడం మొదలుపెట్టాడు. నా దగ్గరికి వచ్చి వరస వినిపించేవాడు, నేను మాటలు చెప్పేదాన్ని, రెండుసార్లు వింటే నేర్చుకుని వెళ్ళేవాడు.

ఆ రోజుల్లోనే ధాన్యం ఆఫీసరు వచ్చాడు. రైతుల దగ్గర గింజలు సేకరించి డిపోల్లో జనానికి తూచి ఇప్పించడం ఆయన పని. తూకంలో తగ్గింది ఎక్కడికి పోతోందో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఒకరోజు డిపో ముందు వరసలో నేనూ నిలబడ్డాను. నా ముందు నిమ్మనపల్లె ముసలమ్మ ఒకామె ఉంది. రాగుల సంచి చేత్తో ఎత్తి చూసుకుని, కుర్చీలో కూర్చున్న ఆఫీసరుతో అంది:

"తక్కువుండాది సామీ. ఇంగొకసారి తూసి సూడప్పా."

ఆయన లేచి వచ్చి, సంచి తీసుకుని, మట్టిలో బోర్లించాడు.

"ఏరుకో. ఏరేటప్పుడు లెక్కపెట్టుకో. తక్కువైతే వచ్చి చెప్పు."

రాగిగింజ ఎంతుంటుంది? ముసలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని దుమ్ములోంచి గింజలు ఏరింది. వరస ఆమెను చుట్టుకుని ముందుకు జరిగింది. నేనూ చుట్టుకునే వెళ్ళాను.

తర్వాత వారంలో సాయిబు వచ్చాడు.

"టీచరమ్మా, మా ఊరికి ధాన్యం దొర వస్తాండాడంట. మీటింగు పెడతాండారు. స్వాగతం పాట నన్ను పాడమన్నారు. మంచి పాటొకటి ఇయ్యమ్మా. దొరకు నచ్చితే యాదన్నా పని ఇప్పిస్తాడు. ఇంట్లో పిల్లోల్లు ఉండారు."

ముసలమ్మ కోసం రాశానని చెప్పుకోవచ్చు. ఆ కోపం కొంత ఉన్న మాట నిజం. కానీ కలం పట్టుకున్నాక ముసలమ్మ గుర్తుకు రాలేదు. నా తెలివి ఎంతదూరం నడుస్తుందో చూడాలనిపించింది, అంతే. అప్పుడు ఊరంతా మోగుతున్న ఒక గ్రామఫోను వరస తీసుకుని పల్లవి కట్టాను:

ఎవ్వరు వెతికినా, ఎంత వెతికినా
దొరకడు దొరకడు, ఈ దొర దొరకడు!
ఆకలి ఎరుగని దొర, మా
తులలేని దొర, తులలేని దొర!

ఇంతటి ప్రభువు ఎక్కడా దొరకడని పైకి అర్థం. ఎవరు వెతికినా ఈ దొంగ పట్టుబడడని లోపలి అర్థం. తుల అంటే సాటి. తుల అంటే త్రాసు కూడా. డిపో ముందు నిలబడిన ప్రతివాడికీ ఆ రెండో అర్థమే ముందు తడుతుంది.

సాయిబు రెండుసార్లు విని మూడోసారి పాడాడు. "దొరకడు" దగ్గర గొంతు పైకి తీసుకెళ్ళి ఊయల ఊపినట్టు దింపాడు. వంటామె చెంబు వదిలేసి నవ్వింది. మెప్పనుకుని అతనూ నవ్వాడు.

"బాగుండాదా అమ్మా?"

"చాలా బాగుంది భాయ్," అన్నాను.

అర్థం చెప్పలేదు. తెలిస్తే భయపడతాడు, భయపడితే గొంతులో కనబడిపోతుంది. తెలియకుండా పాడితేనే పాట పండుతుంది. అంత ఆలోచించే చెప్పలేదు.

పుంగనూరులో పాట అదిరిపోయింది. జనం చప్పట్లు కొట్టి, ఈలలు వేసి, మళ్ళీ పాడమని అరిచారట. తన మీద ఇంత ప్రేమ ఉందని ఆఫీసరుకు అంతకు ముందు తెలియదు. అక్కడికక్కడే సాయిబుకు శాలువా కప్పాడు. తను ఏ ఊరికి వెళ్ళినా వెంట రమ్మన్నాడు. పలమనేరు, వాల్మీకిపురం, మధ్యలో పల్లెలు. ఆఫీసరు కారులో వెళితే ఇతను సంచుల బండి మీద కూర్చుని పాడుతూ వచ్చేవాడు. బండి ఇంకా ఊరి బయట ఉండగానే పాట వినబడేది, రైతులు గింజలు దాచేసేవాళ్ళు. మా బడి పిల్లలు తాడాట ఆడుతూ అదే పాడేవాళ్ళు. నేను తరగతి గదిలో కూర్చుని వింటుంటే ఒళ్ళు పొంగిపోయేది. పేరు చెప్పుకోలేనన్న ఒక్క బాధ తప్ప నాకు ఏ బాధా లేదు.

ఆ వేసవి సెలవుల్లో కుప్పంలో మా అక్క ఇంటికి వెళ్ళాను. రెండో రోజు ధాన్యం గోడౌను ముందు మీటింగని తెలిసింది. నా పాట నా చెవులతో నేను సభలో ఎప్పుడూ వినలేదు. అక్క గొడుగు తీసుకుని మధ్యాహ్నం ఎండలో బయలుదేరాను. చిత్తూరు నుంచి పెద్ద ఆఫీసరు కూడా వచ్చాడు. గోడౌను వాకిట్లో పందిరి, పందిరి కింద కుర్చీలు. ఎదురుగా బండలు పరిచిన కళ్ళం, దాని చుట్టూ, మీటింగయ్యాక గోడౌనులో డిపో తెరుస్తారని ఖాళీ సంచులతో జనం.

సాయిబు లేచి పాడాడు. జనం పగలబడి నవ్వారు. పెద్ద ఆఫీసరు మొదట తల ఊపాడు. రెండోసారి పల్లవి వచ్చేసరికి నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. చివరికి ఆపుకోలేక పక్కకు వంగి, అందరికీ వినబడేట్టే అన్నాడు:

"ఏమయ్యా, నువ్వు దొరకవట! తుల లేకుండానే తూస్తావట! పాట కట్టినవాడెవడో గట్టివాడే!"

ఆఫీసరు మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. ఇన్ని నెలలు, ఇన్ని ఊళ్ళు, ఇంతమంది ఎందుకు నవ్వారో ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. పెద్ద ఆఫీసరు కారు వెళ్ళేదాకా ఏమీ అనలేదు. వెళ్ళాక సాయిబును పిలిచాడు.

"ఎవరు రాశారు ఈ పాట?"

సాయిబుకు ఏమీ అర్థం కాలేదు. ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. జనం వంక చూశాడు. గొడుగు కింద నన్ను చూశాడు. చూసిన వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"నేనే హుజూర్. నేనే కట్టుకున్నా."

"సంతకం చేయడం వచ్చా నీకు?"

"లేదు హుజూర్."

"పాట కట్టడం మాత్రం వచ్చింది." ఆఫీసరు కుర్చీ పందిరి అంచుకు జరుపుకున్నాడు. "శాలువా తీసెయ్. చెప్పులు విడిచి ఆ బండల మీద నిలబడు. పాడు. నేను చాలు అనేదాకా పాడు. నువ్వు ఆపితే డిపో తెరవను. వీళ్ళందరూ వట్టి సంచులతో పోతారు."

మే నెల. బండల మీద నీళ్ళు చల్లితే ఆవిరయ్యే ఎండ. అతను కాళ్ళు మార్చి మార్చి వేస్తూ పాడాడు. మొదట జనం నవ్వారు, పాట నవ్వించేదే కదా. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇంకొంతసేపటికి సణుగుడు మొదలైంది. గొంతు తడబడినప్పుడల్లా ఆఫీసరు డిపో తలుపు వైపు చూసేవాడు. అప్పుడు వరసలోంచి కేకలు లేచేవి.

"ఆపొద్దురా! పాడరా సాయిబూ!"

"నీ వల్లే గదరా మాకీ కర్మ! పాడు!"

కాసేపటి క్రితం అదే పాటకు పగలబడి నవ్వినవాళ్ళు. ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. బంట్రోతు ఆ నీళ్ళు బండ మీద పారబోశాడు. అవి చిటచిటమని ఆరిపోయాయి.

నేను అక్కడే ఉన్నాను. పది అడుగులు వేసి నేను రాశానని చెబితే సరిపోయేది. ఆడదాన్ని, మిషన్ బడి టీచర్ని, నన్ను బండల మీద నిలబెట్టే ధైర్యం ఆయనకు ఉండేది కాదు. ఉద్యోగం పోయేది, అంతే. ఆ లెక్కంతా నేను అప్పుడే వేసుకున్నాను. వేసుకుని నిలబడ్డాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒకచోట అతను చరణం తప్పు పాడాడు. ఒక మాట అటూ ఇటూ చేశాడు. నాకు చివుక్కుమంది. ఆ ఎండలో, ఆ మనిషిని అలా చూస్తూ, పాట చెడిపోతోందని బాధపడ్డాను.

గొంతు ఒక్కసారిగా పోలేదు. పై స్థాయి పోయింది, తర్వాత కింది స్థాయి, తర్వాత గిన్నెను ఇటుకతో తోముతున్నట్టు గరగర. చివరికి పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. అప్పుడు ఆఫీసరు లేచి, "చాలు" అన్నాడు. డిపో తెరిచారు. జనం అతన్ని తోసుకుంటూ లోపలికి పరిగెత్తారు. నేను అక్క ఇంటికి వచ్చాను. అక్క చింతపండు రసం కాచింది. అన్నం తిన్నాను.

ఆఫీసరుకు ఆరు నెలల్లో వేరే జిల్లాకు బదిలీ అయింది, పై హోదాలో. సాయిబు గొంతు తిరిగి రాలేదు.

యుద్ధం అయిపోయి తగరం బజారుకు వచ్చాక అతను మళ్ళీ హాస్టల్‌కు వచ్చాడు. వీధిలో "కళాయి" అని కేక వేయడానికి కూతుర్ని వెంట తెచ్చుకుంటున్నాడు. పదేళ్ళ పిల్ల. అతని మాట వినాలంటే దగ్గరికి వంగాలి.

"టీచరమ్మా, ఒకటి అడగతా. ఆ పాటలో ఏముండాది? అందరూ నవ్వినారు. నేనొక్కడినే నవ్వలా."

చెప్పాను. దొరకడు అన్న మాట, తుల అన్న మాట విడదీసి చెప్పాను. పిల్లలకు పాఠం చెప్పినట్టే చెప్పాను, నా గొంతు ఎక్కడా వణకలేదు. అతను విన్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థమవడానికి కొంతసేపు పట్టింది.

"బాగుండాది. శానా బాగుండాది." తర్వాత నా మొహంలోకి చూశాడు. "ముందే యాల చెప్పలేదమ్మా?"

"చెబితే పాడవేమోనని..."

"మా అమ్మ కూడా ఆ దొర డిపో కాడ నిలబడినాది. వాడు తోసేస్తే కింద పడినాది. తెలిసుంటే ఇంకా గట్టిగా పాడుందును." గొంతు సవరించుకోబోయి మానేశాడు. "తెలిసి పాడి ఈ గొంతు పోయుంటే, అది నేను పోగొట్టుకున్నట్టు. ఇప్పుడు యేమో, నువ్వు తీసుకున్నట్టుండాది."

అతను గిన్నెలు దించుకుని, కూతురు తిత్తి ఊదుతుంటే, సాయంత్రం దాకా పని చేసి వెళ్ళాడు. తర్వాత కూడా ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడట. నేను తరగతిలో ఉండే వేళ చూసుకుని వచ్చి, గంట కొట్టేలోగా వెళ్ళిపోయేవాడని వంటామె చెప్పింది. నేను ఆ బడిలో ఇంకో తొమ్మిదేళ్ళు పనిచేశాను. అతన్ని మళ్ళీ చూడలేదు.